బ్రౌన్ దొర, మన ఇంగ్లీషు

మేడ్చల్, శామీర్‌పేట వైపు కుర్రాళ్ళకి ఇంగ్లీషంటే భయం. కష్టపడి పనిచేస్తానని చెప్పబోయి, ఓ ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ హార్డ్‌లీ వర్క్’ అని రాశాను. ‘కష్టం’కి ‘గా’ చేర్చినట్టే ‘హార్డ్’కి ‘లీ’ తగిలించానన్నమాట! దాని అర్థం దాదాపు పనే చెయ్యనని. పిలుపు రాలేదు.

అప్పుడే సి.పి.బ్రౌన్ జీవితం చదివాను. 1798లో కలకత్తాలో పుట్టిన ఆయన 1817లో మద్రాసు చేరేనాటికి తెలుగు రాదు. 1820లో కడప వెళ్ళాక తెలుగుమీద మనసుపడ్డాడు. పండితులకి సొంత డబ్బుతో జీతాలిచ్చాడు, అప్పులపాలయ్యాడు కూడా. తాటాకు ప్రతులు తెప్పించి, పాఠాలు సరిచూపించి, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు వెలువడ్డాయి. 1854లో తెలుగువాళ్ళ నోట నలిగే పరభాషా పదాలకీ ప్రత్యేకంగా నిఘంటువు వేశాడు. నాకు నచ్చింది అదే: జనం ఎలా అంటున్నారో చూశాడు, తన ఇంగ్లీషు కొలతతో కొలవలేదు. 1884లో లండన్‌లో పోయాడు.

నేనూ ఓ నోటుబుక్కు పెట్టాను. ‘లేట్‌లీ’ అంటే ఆలస్యంగా కాదు, ఈమధ్య. ‘ఫాస్ట్’కి ‘లీ’ అసలే లేదు. ‘గుడ్’కి జత ‘వెల్’.

దరఖాస్తు మళ్ళీ రాశాను, ‘ఐ వర్క్ హార్డ్’ అని.