రుడాల్ఫ్ డీజిల్

నెల్లూరు జిల్లాకు తూర్పున బంగాళాఖాతము కలదు. మైపాడు, కృష్ణపట్నము, జువ్వలదిన్నె మొదలగు తీరగ్రామములలో వేకువజామున నిలిచి ఆలకించినచో, అలల హోరుతో పాటు పడవల ఇంజనుల చప్పుడును వినవచ్చును. పూర్వము తెరచాపకు గాలి అనుకూలించిననే జాలరి వేళకు ఒడ్డు చేరెడివాడు. గాలి పడిపోయిననాడు తెడ్డే దిక్కు. నేడు చిన్న పడవలకు సైతము ఇంజనులు అమరినవి. వానిలో పోయు నూనెను పండితుడును పామరుడును డీజిల్ అనియే పిలుతురు. అది ఒక మనుష్యుని పేరని ఎరిగినవారు మాత్రము అరుదు. విద్యార్థులారా! ఆ మనుష్యుని చరిత్రమును తెలిసికొందము.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. అతని తలిదండ్రులు బవేరియా దేశమునకు చెందిన జర్మనులు. తండ్రి తోలుపని చేసి కుటుంబమును పోషించుచుండెను. 1870లో ఫ్రెంచివారికిని జర్మనులకును యుద్ధము సంభవింపగా, ఆ కుటుంబము పారిస్ విడిచి లండను చేరవలసి వచ్చెను. అచ్చట జీవనము దుర్భరమయ్యెను. పండ్రెండేండ్ల బాలుడగు రుడాల్ఫ్ తలిదండ్రులను ఎడబాసి, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరమునకు బంధువుల ఇంటికి పంపబడెను. గణితోపాధ్యాయుడగు ఆ బంధువు బాలుని ఆదరించి చదివించెను. పదునాలుగవ యేటనే తాను ఇంజనీరు కాదలచినట్లు రుడాల్ఫ్ తలిదండ్రులకు లేఖ వ్రాసెను.

తరువాత అతడు ఉపకారవేతనముతో మ్యూనిక్ నగరములోని పాలిటెక్నిక్ విద్యాలయమున చేరి, 1880లో ఉత్తమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. అచ్చట కార్ల్ వాన్ లిండే అను ఆచార్యుడు ఉష్ణశక్తిని గూర్చి బోధించుచుండెను. ఆవిరియంత్రములో కాల్చిన బొగ్గు వేడిలో ఇంచుమించు పదింట ఒక వంతే పనిగా మారుననియు, తక్కినదంతయు వ్యర్థమగుననియు డీజిల్ ఆ పాఠములవలన గ్రహించెను. అదియుగాక ఆవిరియంత్రము మిక్కిలి పెద్దది. దానిని ధనికులగు కర్మాగారాధిపతులే కొనగలరు, చేతిపనివాడు కొనజాలడు. తక్కువ ఇంధనముతో నడచు చిన్న యంత్రమును నిర్మించి, చిన్న పనివానికి బలము చేకూర్పవలెనని డీజిల్ సంకల్పించెను.

మొదట అతడు అమ్మోనియా ఆవిరితో నడచు యంత్రమును ప్రయత్నించెను. అది పేలుటచే అతడు నెలల తరబడి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చెను. అయినను సంకల్పమును విడువలేదు.

సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరు గమనించియుందురు. గాలిని అదిమిన కొలది అది వేడెక్కును. ఈ ధర్మమే డీజిల్ ఆలోచనకు పునాది. సిలిండరులోని గాలిని పిస్టనుతో గట్టిగా అదిమినచో, అది నూనె తనంతట తాను అంటుకొనునంత వేడెక్కును. సరిగా ఆ సమయమున నూనెను లోనికి చిమ్మినచో, నిప్పురవ్వతో పనిలేకయే మంట పుట్టి పిస్టనును నెట్టును. ఈ పద్ధతిపై హక్కు కొరకు అతడు 1892లో దరఖాస్తు చేసి, మరుసటి సంవత్సరము పేటెంటు పొందెను.

ఊహించుట వేరు, నిర్మించుట వేరు. 1893 ఆగస్టు 10వ తేదీన ఆగ్స్‌బర్గ్ యంత్రశాలలో తొలి పరీక్ష జరిగెను. ఇంధనము అంటుకొనెను గాని, ఒత్తిడి తీవ్రతకు కొలత పరికరము పగిలి ముక్కలై ఎగిరెను. 1894 ఫిబ్రవరి 17వ తేదీన యంత్రము మొదటిసారి స్వశక్తితో నడచెను. అదియు ఇంచుమించు ఒక్క నిమిషము మాత్రమే.

అసలు చిక్కు నూనెను అందించుటలో నుండెను. సిలిండరులో అదిమిన గాలి ఒత్తిడిని ఎదిరించి నూనె లోనికి పోవలెను. అది బొట్లుగా పడినచో సరిగా కాలక పొగయగును. కావున సన్నని తుంపరగా పడవలెను. ముందుగా పడిన యంత్రము దెబ్బతినును. ఆలస్యమైన బలము తగ్గును. అంత నిశితముగా పనిచేయు పంపు ఆనాడు లేదు. అందుచే డీజిల్ అధికమైన ఒత్తిడి గల గాలితో నూనెను లోనికి ఊదించెను. ఈ ఉపాయము ఫలించెను. 1897లో ఆచార్య మోరిట్జ్ ష్రోటర్ పరీక్షింపగా, ఆ యంత్రము ఇంధనపు వేడిలో 26 శాతమును పనిగా మార్చుచున్నట్లు తేలెను. డీజిల్ కీర్తి దేశదేశముల వ్యాపించెను. 1900లో పారిస్ ప్రదర్శనమున ఒక డీజిల్ ఇంజను మనమెరిగిన వేరుసెనగ నూనెతో నడచెను. 1912లో సెలాండియా అను పెద్ద ఓడ డీజిల్ ఇంజనులతో డెన్మార్కు నుండి బాంకాకు వరకు సముద్రయానము చేసెను.

కాని చిన్న పనివానిని గూర్చిన కోరిక నెరవేరలేదు. గాలిని ఊదుటకు వేరొక కంప్రెసరు కావలసియుండుటచే ఇంజను బరువై, కర్మాగారములకును ఓడలకును మాత్రమే తగినదయ్యెను. పేటెంటు తగాదాలతోను, అనారోగ్యముతోను డీజిల్ కృశించెను. ఆర్జించిన ధనము భూముల బేరములలో హరించి, అప్పులు మిగిలెను. 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి, ఇంగ్లండునకు పోవుచున్న డ్రెస్డెన్ అను ఓడనుండి అతడు అదృశ్యుడయ్యెను. కొన్ని దినములకు సముద్రమున ఒక శవము కనబడెను. దాని దుస్తులలో దొరికిన వస్తువులు తన తండ్రివే యని కుమారుడు గుర్తించెను. ఆ మరణము ఎట్లు సంభవించెనో నేటికిని నిశ్చయముగా తేలలేదు.

అతడు గతించిన పదునాలుగేండ్లకు, 1927లో, రాబర్ట్ బాష్ స్థాపించిన సంస్థ నూనెను నేరుగా చిమ్ము పంపులను విరివిగా తయారుచేయ నారంభించెను. కంప్రెసరు అవసరము తొలగి ఇంజను చిన్నదయ్యెను. లారీలలోను, కార్లలోను, పడవలలోను ప్రవేశించెను. 1967లో అదే సంస్థ పెట్రోలు కార్ల కొరకు ఎలక్ట్రానిక్ పద్ధతిని విపణికి తెచ్చెను. 1997 నుండి డీజిల్ కార్లలోను కొత్త ఏర్పాటు వచ్చెను. అందు నూనె ఒక ఉమ్మడి గొట్టములో వాయుమండలపు ఒత్తిడికి వేయి రెట్లకు మించిన ఒత్తిడితో నిలువయుండును. ఇంజను వేగము, వేడి, లోనికి వచ్చు గాలి మొదలగువానిని సెన్సరులు కనిపెట్టి తెలుపుచుండును. చిన్న కంప్యూటరు ఆ లెక్కలు చూచి, ఇంజెక్టరు ఎప్పుడు తెరువవలెనో, సెకనులో ఎన్ని వేయవ వంతులు తెరచియుండవలెనో నిర్ణయించును. అందువలన నూనె ఆదాయగును, పొగ తగ్గును. మనదేశమున 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.6 నియమములు అమలులోనికి రాగా, కొత్త మోటారు సైకిళ్లలోను ఈ ఎలక్ట్రానిక్ పద్ధతి సామాన్యమయ్యెను. సరియైన కాలమున, సరియైన కొలతతో నూనెను అందించుట యెట్లు అను డీజిల్ ప్రశ్నకే ఇవి యన్నియు సమాధానములు.

నెల్లూరు, కావలి మీదుగా పోవు జాతీయ రహదారిపై పరుగెత్తు కొత్త లారీలలో కంప్యూటరు నూనెను కొలిచి పోయుచున్నది. తీరమున జాలరి పడవలోని చిన్న ఇంజను సాధారణముగా పాత పంపుతోనే నడచుచున్నది. అయినను డీజిల్ కోరినది ఆ చిన్న యంత్రమునే. గాలి పడిపోయిన దినమున సైతము జాలరి తన చేపలతో వేళకు ఒడ్డు చేరుచున్నాడన్న, ఆ కోరిక ఫలించినట్లే. దానిని చూచు భాగ్యము డీజిల్‌నకు లేకపోయెను. ఒకడు నాటిన చెట్టు ఫలమును వేరొకడు అనుభవించుట లోకమున కలదు. అంతమాత్రమున నాటినవాని శ్రమ వ్యర్థము కాదు.