భూగర్భమునకు సాక్షి: జార్జి హెవెసీ

మన కాళ్లక్రింద నేల లోపల నేమి జరుగుచున్నదో మనకు తెలియదు. నూతిలో నీరు చెడిన పిదపగాని ఆ చెఱుపు ఎచ్చటినుండి వచ్చినదో విచారింపము. విచారించినను సాక్షి దొరకదు. కర్మాగారముల మురికినీటిని, చమురుబావులనుండి చమురుతో గూడ వెలువడు ఉప్పునీటిని గొట్టముల ద్వారా భూగర్భమున మిక్కిలి లోతైన పొరలలోనికి దింపివేయు పద్ధతి అమెరికాదేశమున విరివిగా నున్నది. ఆ గొట్టమునకు చిల్లు పడినను, దాని చుట్టునున్న సిమెంటు బీటవారినను, క్రింద నుండవలసిన మాలిన్యము పైకెక్కి త్రాగునీటి పొరలలో కలియును. ఈ దొంగదారిని పట్టియిచ్చు ఉపాయమునకు మూలపురుషుడు జార్జి హెవెసీ. ఆతని జీవితము పాఠకులు తెలిసికొనదగినదని మేము తలంచుచున్నాము.

హెవెసీ 1885వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన హంగెరీ రాజధానియగు బుడాపెస్టు నగరమున సంపన్నకుటుంబమున జన్మించెను. 1908లో జర్మనీలోని ఫ్రైబర్గు విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొంది, 1911లో ఇంగ్లండులోని మాంచెస్టరునకు పోయి రూథర్‌ఫర్డు పండితునికడ చేరెను. అచ్చట సీసము రాసులుగా పడియుండెను. అందు రేడియమ్-డి యను కిరణప్రసారక పదార్థము కలిసియుండుటచే, దానిని సీసమునుండి వేఱుచేయుమని గురువు శిష్యుని నియోగించెను. హెవెసీ సుమారు రెండేండ్లు శ్రమించెను. తెలిసిన మార్గములన్నియు ప్రయత్నించెను. ఫలము శూన్యము. రేడియమ్-డి సీసముయొక్క రూపభేదమే గాని వేఱు ధాతువు కాదని పిమ్మట తేలినది.

ఇతరుడైనచో ఈ పరాజయమును కప్పిపుచ్చియుండును. హెవెసీ దానినే తలక్రిందులుగా చూచెను. ఈ రెండును విడదీయరానివైనచో, ఎచ్చటికి పోయినను కలిసియే పోవును గదా! కావున కిరణములు వెలువరించు అణువులను కొలదిగా సీసములో కలిపినయెడల, వాని జాడయే సీసముయొక్క జాడ యగును. 1913లో వియన్నా నగరమున పానెత్ అను మిత్రునితో గూడి, నీటిలో కరగనే కరగవనదగిన సీసపు లవణములు ఎంత స్వల్పముగా కరగునో ఈ విధముననే కొలిచెను.

మాంచెస్టరునాటి వినోదగాథ యొకటి కలదు. హెవెసీ బసచేసిన యింటి పూటకూళ్లమ్మ, విస్తళ్లలో మిగిలిన మాంసమునే మఱునాళ్లలో మరల వండి పెట్టుచున్నదని ఆతనికి అనుమానము కలిగెను. ఆమె ఒప్పుకొనలేదు. ఒక ఆదివారమున ఆతడు తాను విడిచిన మాంసముపై కిరణప్రసారక పదార్థమును రవంత చల్లెను. కొన్ని దినములకు వడ్డించిన వంటకముకడ యంత్రమునుంచగా అది కదలి సాక్ష్యమిచ్చెను. వాదముతో తేలని తగవు అణువుతో తేలినది.

1923లో చిక్కుడు మొక్కలు వేళ్లద్వారా సీసమును ఎట్లు గ్రహించునో ఆతడు చూపెను. ఆ యేడే కాస్టరుతో గూడి హాఫ్నియమను క్రొత్త ధాతువును కనుగొనెను. 1935లో కిరణప్రసారక భాస్వరమును ఎలుకలకిచ్చి, ఎముకలు నిర్జీవములు కావనియు, వానిలోని భాస్వరము నిరంతరము మాఱుచుండుననియు నిరూపించెను.

విద్వాంసుని బ్రతుకునకు రాజ్యముల దౌర్జన్యము తప్పలేదు. హిట్లరు పాలన వచ్చిన పిదప 1934లో ఆతడు ఫ్రైబర్గు ఆచార్యపదవిని వదలి కోపెన్‌హాగెను చేరెను. 1940లో జర్మను సేనలు ఆ నగరమున ప్రవేశించినపుడు, లావే, ఫ్రాంకు అను పండితుల నోబెలు స్వర్ణపతకములు ఆ పరిశోధనాలయమున దాచబడియుండెను. జర్మనీనుండి బంగారము వెలికి పంపుట నాడు మహాపరాధము. హెవెసీ ఆ పతకములను ద్రావకములో కరగించి సీసాలను అలమారులో నుంచెను. సోదాచేసినవారికి రంగునీరు మాత్రమే కనబడినది! యుద్ధానంతరము ఆ నీటినుండి బంగారమును తీసి మరల పతకములుగా పోయించిరి. తాను 1943లో స్వీడనునకు తప్పించుకొని పోయెను. ఆ యేటి రసాయన నోబెలు బహుమానము 1944లో ఆతనికి లభించినది. 1966 జూలై 5వ తేదీన ఫ్రైబర్గున మరణించెను. అవశేషములు 2001లో జన్మభూమికి చేర్పబడినవి.

నేటి బావుల పరీక్ష యీ మహనీయుని యుపాయమే. మొదట బావిలో సహజముగ నుండు కిరణములను లెక్కించి వ్రాసికొందురు. పిదప ఒక పరికరమును దింపి, పాఱుచున్న నీటిలోనికి అయొడీను-131ను స్వల్పముగా విడుతురు. పైనను క్రిందను యంత్రములు కావలి కాయుచుండును. ఆ పదార్థము క్రిందికే పోయి నియమిత స్థానమున పొరలలో చేరిన బావి క్షేమము. గొట్టము వెనుకగా పైకి ఎగబ్రాకిన, సిమెంటులో దారి పడినట్లే. ఈ అయొడీను సుమారు 8 దినములలో సగము క్షీణించును. కావున చిరకాలము నిలిచి బాధింపదు. 1974లో అమెరికా త్రాగునీటి రక్షణకు శాసనము చేసినది. దాని క్రింద అంగీకరింపబడిన పరీక్షలలో నిది యొకటి.

అయినను ఒకమాట మఱువరాదు. ఈ సాక్షి పిలిచిననాడే పలుకును. నిన్నటి పరీక్ష రేపటి చిల్లును చెప్పజాలదు. మాటిమాటికి పరీక్షింపవలసినదే. భూమిలో మాలిన్యమును పాతువారు తమ గొట్టము గట్టిదని ప్రమాణము చేసినంత చాలదు. పూటకూళ్లమ్మ మాటయు నట్టిదే గదా! నీరు త్రాగువాడు అడుగవలసినది మాట కాదు, జాడ. ఆ జాడను అడుగు హక్కునకు ఆధారమిచ్చినవాడు హెవెసీ. అందులకే ఆతడు మనకు స్మరణీయుడు.