అబుల్ ఖాసిం జహ్రావీ: వెన్నుపూసల వైద్యం తెలిసిన మహనీయుడు

సంచిక కోసం ఒక మహనీయుని జీవితం రాయుమని కార్యవర్గంవారు ఈసారి కూడ మమ్ములను అడిగినారు. ఎవరిని గురించి రాయాలా అని ఆలోచిస్తూ ఒక జుమా రోజున మసీదులో కూర్చున్నాము. వెనక గోడ పొడుగునా కుర్చీల వరుస మా కంట పడింది. పదేళ్ళ కింద అక్కడ రెండే రెండు కుర్చీలు వుండేవి. రుకూకు వంగలేనివారు, సజ్దాలోకి పోతే ఎవరో ఒకరు చెయ్యి అందిస్తే తప్ప లేవలేనివారు, అందరూ మన బుజుర్గులే. ఇంటికి పోతే ఆడవారిదీ అదే బాధ. చేవెళ్ళ, మొయినాబాద్ అంటే కూరగాయల సీమ గదా. టమాట తెంపేది వంగి, క్యారెట్ పీకేది వంగి, కలుపు తీసేది వంగి, పూలు కోసేది కూడ వంగే. నలభై ఏండ్లు వంగిన నడుమును అరవై దాటినాక నిటారుగా నిలబడుమంటే ఎట్లా నిలబడుతుంది?

ఇంకొక సంగతి కూడ వుంది. మా దాదీమా నడుము మీద ఆరు వాతలు వుండేవి. చిన్నప్పుడు మేము వాటిని వేలితో తడిమి లెక్కపెట్టేవాళ్ళం. నడుము నొప్పికి వూళ్ళో ఒకాయన కొడవలి మొన కాల్చి పెట్టినాడట. పుండ్లు మానడానికి రెండు నెలలు పట్టింది, నొప్పి మాత్రం పోలేదు. చాలా ఏండ్ల తరువాత పట్నం ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే, ఎముక గుల్లబారి నడుములో ఒక పూస నలిగిపోయిందని తేలింది. నలిగిన పూసకు పైన తోలు కాలిస్తే ఏమి లాభం? వాతలు పెట్టినాయన చెడ్డవాడు కాదు. ఒక్క పైస తీసుకోలేదట. తాతల నాటి విద్య అని నమ్మినాడు, అంతే. వాత వైద్యం నిజానికి ఏ ఒక్కరి సొత్తూ కాదు. గ్రీకులలో వుంది, అరబ్బులలో వుంది, మన దేశంలో సుశ్రుతుడు దానినే అగ్నికర్మ అన్నాడు. అయితే ఆ విద్యను ఎక్కడ వాడాలో, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలో గీత గీసి చెప్పినవారు ఎవరైనా వున్నారా అని వెదకగా మాకు దొరికిన పేరు అబుల్ ఖాసిం జహ్రావీ.

ఆయన అసలు పేరు ఖలఫ్ బిన్ అబ్బాస్. వంశం మదీనా అన్సారులది అంటారు. స్పెయిన్ దేశంలో ముసల్మానులు ఏలిన భాగాన్ని ఆ కాలంలో అందలుస్ అనేవారు, దాని రాజధాని ఖుర్తుబా. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ 936లో ఖుర్తుబాకు పడమట సుమారు 8 కిలోమీటర్ల దూరాన, కొండ వాలులో, మదీనతుజ్జహ్రా అనే కొత్త నగరాన్ని కట్టించడం మొదలుపెట్టినాడు. మొయినాబాద్ నుంచి చేవెళ్ళకు పోయే దారిలో సగం అనుకోండి. ఇంచుమించు ఆ సంవత్సరాలలోనే జహ్రావీ జన్మించారు. ఆ వూరి పేరే ఆయన ఇంటిపేరు అయింది. యూరపువారు అబుల్ ఖాసిం అని పలకలేక అల్బుకాసిస్ అన్నారు.

ఆయన రాజు కాదు, సేనాధిపతి కాదు. ఆయన బ్రతుకంతా రోగుల మధ్యన, శిష్యుల మధ్యన గడిచింది. దగ్గర దగ్గర 50 సంవత్సరాలు వైద్యం చేసి, ఆ అనుభవం మొత్తాన్ని క్రీ.శ. 1000 ప్రాంతంలో ఒకే గ్రంథంగా ముగించారు. దాని పేరు అత్తస్రీఫ్. అందులో 30 భాగాలు. మందులు, పథ్యాలు, లేపనాలు, అన్నిటి సంగతీ అయినాక, అన్నిటికంటె చివర ముప్ఫయ్యవ భాగంలో శస్త్రచికిత్స పెట్టారు. మేము పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళం గనుక ఈ వరుస మాకు బాగా నచ్చింది. మిగతా వైద్యం నేర్వకుండా కత్తి పట్టరాదు అని దాని భావం. శరీర నిర్మాణం చదవనివాడు ఈ పనికి దిగితే మనుషులను చంపుతాడని ఆ భాగం మొదట్లోనే హెచ్చరించారు. శిష్యులను బిడ్డలారా అని సంబోధిస్తూ రాశారు. సుమారు 200 పనిముట్ల బొమ్మలు కూడ వేశారు. వాతకడ్డీలు, కత్తులు, కొక్కెములు, రంపాలు, సూదులు, ఏది ఎంత పొడుగు వుండాలి, మొన ఎట్లా వుండాలి, అన్నీ బొమ్మతో సహా వున్నాయి. బ్లాక్‌బోర్డు మీద బొమ్మ గీయకుండా పాఠం చెప్పే మాస్టర్లు (మాతో సహా) దీనిని గమనించవలెను.

ఆ భాగం ఆరంభంలో ఆయన తాము కళ్ళారా చూచిన వైద్యుల తప్పులు కొన్ని రాశారు. అందులో రెండు ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేము. ఒక పడుచువానికి మడమ దగ్గర కాలు విరిగి పుండు కూడ అయింది. ఒక ప్రభువు దగ్గర జీతం తీసుకునే వైద్యుడొకడు పుండుకు దారి వదలకుండా దాని మీదనే బద్దలు పెట్టి బిగించి కట్టినాడు. రోజులు గడిచినా విప్పనీయలేదు. కాలు, పాదం వాచి ప్రాణం మీదకు వచ్చినాక జహ్రావీని పిలిచారు. ఆయన పోయి వెంటనే కట్టు విప్పించారు, నొప్పి తగ్గింది. కాని కుళ్ళు అప్పటికే లోపలికి పట్టింది, పిల్లవాడు దక్కలేదు. చెయ్యి విరిగినా కాలు విరిగినా బిగుతుగా కట్టు కట్టించుకొని, వేళ్ళు నల్లబడేదాక ఇంట్లోనే వుండేవాళ్ళను మన వూళ్ళలో మనం చూడలేదా?

రెండవది ఒక ముసలాయన సంగతి. మూత్రాశయంలో పెద్ద రాయి వుంది. ముందు జహ్రావీనే పిలిచారు. రాయి ఎంత పెద్దదో, మనిషి స్థితి ఎట్లా వుందో చూచి, ఇది తీస్తే బ్రతకడని ఆయనకు అర్థమైంది, చెయ్యి పెట్టలేదు. మరొక వైద్యుడు ఒప్పుకున్నాడు. రాయితో పాటు మూత్రాశయం ముక్క కూడ వచ్చేసింది, మూడు రోజులకు ముసలాయన పోయినాడు. ఆ కాలంలో అందలుస్ దేశమంతటికీ పేరుమోసిన శస్త్రవైద్యుడు, నేను చెయ్యను అని వెనక్కి తిరిగి రావడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. చేతనైన పని చెయ్యడం గొప్పే. చేతనై కూడ, ఈ వయస్సులో ఈ దేహం ఓర్చుకోదు అని మానుకోవడం అంతకంటె కష్టం. శస్త్రచికిత్సలు రెండు రకాలని, ఒక రకంలో క్షేమం వుందని, ఇంకొక రకంలో ఎక్కువగా అపాయమే వుందని ఆయన శిష్యులకు మొదట్లోనే విడదీసి చెప్పారు.

ఇక నడుము సంగతికి వద్దాము. వాత వైద్యం గురించి రాసిన ప్రకరణాలలో నడుము నొప్పికి ఒకటి వుంది. మా దాదీమా కథ తెలుసు గనుక దానిని మేము ఒకటికి రెండుసార్లు చదివించుకున్నాము. నొప్పికి కారణాలు అనేకం అంటారు జహ్రావీ. కింద పడటం, దెబ్బ తగలడం, వంట్లో సత్తువ పోవడం, చల్లని దోషం చేరడం, ఇట్లా. వీటిలో ఆ చివరి రకానికి మాత్రమే వాత పనికి వస్తుందట. పడినవానికి, దెబ్బ తగిలినవానికి కాదు. అది కూడ ముందు మందులు ఇచ్చి, అవి అయినాకనే. సిరాతో గుర్తులు పెట్టుకొని, సన్నని కడ్డీతో నడుము మీద మూడు వరుసలు, వరుసకు అయిదు చుక్కలు. రోగి బలం, ఓర్పు చూచి తగ్గించాలి. అంటే కొడవలి మొన ఎర్రగా కాల్చి నొప్పి ఎక్కడుంటే అక్కడ పెట్టడం ఆయన విద్య కాదు. ఈ చల్లని దోషం, వేడి దోషం లెక్క నేటి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. కనుక ఆయన పేరు చెప్పి ఇప్పుడు ఎవ్వరూ వాతలు పెట్టించుకోరాదు. చక్కెర వ్యాధి వున్నవారికి ఆ పుండు తొందరగా మానదు. మేము చెప్పదలచింది ఒక్కటే. వెయ్యేండ్ల కింద కూడ తెలిసినవాడు మొదట కారణం అడిగినాడు, ఇనుము తరువాత ముట్టినాడు.

పూసలు విరిగినప్పటి ప్రకరణం ఇంకా గొప్పది. మెడ పూసలు విరిగితే చేతులు చూడుమంటారు. కదులుతున్నాయా, నొక్కితే తెలుస్తోందా, సూదితో గుచ్చితే నొప్పి వుందా? కింది పూసలు విరిగితే కాళ్ళు చూడాలి. మలమూత్రాలు తెలియకుండా పోతున్నాయా అని చూడాలి. అట్లా అయితే ప్రాణాపాయమని తెలుసుకోవాలి. దెబ్బ తగిలింది వీపుకు, పరీక్ష మాత్రం చేతులకు, కాళ్ళకు! వెన్నెముకలో నుంచి పోయే నరాలే చేతులను కాళ్ళను ఆడిస్తాయని తెలియనివాడు ఈ మాట రాయలేడు.

పూస తప్పినవారికి చికిత్స వేరు. రోగిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, చంకల కింద ఒక పట్టె, మోకాళ్ళ పైన ఒక పట్టె వేసి, తల వైపు ఒకరు, కాళ్ళ వైపు ఒకరు లాగుతూ వుంటే వైద్యుడు అరచేతులతో పూసను లోపలికి నొక్కాలి. లొంగకపోతే పలక వేసి నొక్కాలి. ఈ బల్ల పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, గ్రీకు హిప్పోక్రటీసు నాటి నుంచి వస్తున్నదే. ఆయన దానిని బొమ్మతో, వివరంతో నిలబెట్టారు. నిలబెట్టినా అందరికీ కాదన్నారు. చిన్ననాటి నుంచి వున్న గూనికి ఇది పనికిరాదు, ఆశ పెట్టుకోవద్దు అని రాశారు. ఈ లాగుడు, నొక్కుడు వైద్యం మన ప్రాంతంలో నేటికీ ఇండ్లలో జరుగుతూనే వుంది. నడుము మీద ఎక్కి తొక్కించుకునే పెద్దలు కూడ వున్నారు. వయస్సు మీరినవారి ఎముక, ముఖ్యంగా ముట్లు ఆగిన ఆడవారి ఎముక, లోపల గుల్లబారి వుంటుంది. దాని మీద కాలు పెడితే బాగున్న పూస కూడ నలుగుతుంది.

జహ్రావీ చివరి సంవత్సరాలు మంచివి కావు. 1009లో అందలుస్‌లో అంతర్యుద్ధం మొదలైంది. ఆయన పుట్టిన మదీనతుజ్జహ్రా నూరేండ్లు నిండకముందే కొల్లగొట్టబడి పాడు పడింది. 1013లో ఖుర్తుబా పడిపోయింది. ఆయన కన్నుమూసింది కూడ సుమారుగా ఆ యేడే. ఆ శిథిలాలను యునెస్కోవారు 2018లో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించారు.

వూరు పోయినా పుస్తకం పోలేదు. పన్నెండవ శతాబ్దంలో తొలేదో నగరంలో జెరార్డు అనే పండితుడు ముప్ఫయ్యవ భాగాన్ని లాటిన్‌లోకి మార్చినాడు. ఆ తరువాత కొన్ని వందల ఏండ్లు యూరపులో శస్త్రవైద్యులకు అదే పాఠ్యపుస్తకం. తుర్కీలో అమాస్యా పట్టణపు వైద్యుడు సాబున్‌జూఓగ్లూ షరఫుద్దీన్ 1465లో, తనకు ఎనభై ఏండ్ల వయస్సప్పుడు, దానిని తుర్కీ భాషలో రాసి, రోగి, వైద్యుడు ఇద్దరూ కనపడేటట్లు రంగుల బొమ్మలు వేశాడు. నడుము లాగే బల్ల బొమ్మ కూడ అందులో వుంది. మన దేశంలో ఈ శస్త్రచికిత్స భాగం 1908లో లక్నోలో అచ్చయింది. మన హైదరాబాద్ కూడ వెనకబడలేదు. జహ్రావీ తరువాత రెండు శతాబ్దాలకు వచ్చిన ఇబ్నుల్ ఖుఫ్ రాసిన శస్త్రచికిత్స గ్రంథం అల్ ఉమ్దాను దాయిరతుల్ మఆరిఫ్‌వారు 1937 ప్రాంతంలో అచ్చువేశారు. ఉర్దూ, అరబ్బీ చదివే మన పిల్లలకు ఆ సంస్థ పేరైనా తెలియాలని మా కోరిక.

పోయిన చలికాలంలో మా చాచాకు నడుము నొప్పి మళ్ళీ ఎక్కువైంది. డెబ్బయి రెండేండ్ల మనిషి. ఎవరో వాతలు పెట్టేవాడు ఫలానా వూళ్ళో వున్నాడని ఇంట్లో మాట వచ్చింది. దాదీమా సంగతి గుర్తు చేసి మేము ఒప్పుకోలేదు, ఆసుపత్రికి తీసుకుపోయినాము. డాక్టరుగారు వయస్సులో చాలా చిన్నవారు. నడుము చూడకముందే కాలి బొటనవేళ్ళు పైకెత్తమన్నారు. అరికాలు గీకి తెలుస్తోందా అన్నారు. మూత్రం ఆపుకోగలుగుతున్నారా, జ్వరం వస్తోందా, బరువు తగ్గినారా, రాత్రిపూట పడుకున్నా నొప్పి వుంటుందా, టీబీ ఎప్పుడైనా వచ్చిందా అని వరుసగా అడిగినారు. మేము పక్కన నిలబడి ఈ ప్రశ్నలు కొన్ని ఇంతకు ముందే ఎక్కడో చదివినాము గదా అనుకున్నాము. కాళ్ళలో బలం వుంది, మూత్రం బాగానే వుంది, కనుక ఆపరేషన్ అక్కరలేదు, పెద్ద స్కానింగ్ కూడ ఇప్పుడు వద్దు అన్నారు. రోజూ నడవాలి, మంచం పట్టి పడుకోరాదు, వంగి బరువు ఎత్తరాదు, చెప్పిన వ్యాయామం మానరాదు. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం తెలియకుండా పోయినా అదే రోజు రావాలని గట్టిగా చెప్పినారు.

చాచాకు కోపం వచ్చింది. ఇంత దూరం వస్తే ఒక సూది కూడ వెయ్యలేదని బస్సులో దారి పొడుగునా సణిగినాడు. ఇప్పుడు ఫజ్ర్ నమాజు కాగానే బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల కింద చేతికర్ర పట్టుకొని నడుస్తున్నాడు. మసీదులో కుర్చీ మాత్రం వదలలేదు.