కర్ణరహస్యవేత్త యూస్టాకీ

విమానం పైకి లేచేటప్పుడో, బస్సు కొండదారి ఎక్కేటప్పుడో చెవులు దిబ్బడ వేయడం, ఒక్క గుటకతో ఆ దిబ్బడ విడిపోవడం చాలామందికి అనుభవమే. అప్పుడు తెరుచుకొనేది బయటికి కనిపించే చెవిరంధ్రం కాదు. మధ్యచెవిని గొంతు పైభాగంతో కలిపే సన్నని నాళం. జీవశాస్త్ర గ్రంథాలు దానిని యూస్టేషియన్ నాళం అని వ్యవహరిస్తున్నాయి. ఆ పేరు పదహారవ శతాబ్దానికి చెందిన ఇటలీ వైద్యుడు బార్తలోమియో యూస్టాకీది.

మధ్య ఇటలీలోని సాన్ సెవెరీనో పట్టణంలో ఒక వైద్యుని ఇంట ఆయన జన్మించాడు. లాటిన్, గ్రీకు, అరబ్బీ భాషలను అభ్యసించి, ప్రాచీన వైద్యగ్రంథాలను మూలభాషలలోనే చదువగల పాండిత్యం సంపాదించాడు. ఉర్బినో ప్రభువు కొలువులో వైద్యుడై, ఆపైన కార్డినల్ జూలియో డెల్లా రోవెరె వెంట రోమ్ నగరం చేరాడు. అక్కడి సపియెంజా విద్యాపీఠంలో శరీరనిర్మాణశాస్త్రం బోధించాడు.

అది వైద్యలోకం రెండుగా చీలిన కాలం. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్ మాటే ప్రమాణంగా పదమూడు వందల ఏళ్లు గడిచాయి. 1543లో వెసేలియస్ తన మహాగ్రంథంతో ఆ ప్రామాణ్యాన్ని ప్రశ్నించాడు. యూస్టాకీ గేలెన్ పక్షాన నిలిచాడు. పూర్వాచార్యుని సమర్థించడానికి కత్తి పట్టినవాడే ఆ ఆచార్యునికి తెలియని సంగతులెన్నో బయటపెట్టడం చిత్రమైన విషయం. మూత్రపిండాల మీద టోపీలవలె ఉండే గ్రంథులను మొట్టమొదట వర్ణించినవాడు ఆయనే. దంతాల మీద ఒక ప్రత్యేక గ్రంథమూ రచించాడు. గురుభక్తి ఆయన నోటిని కట్టివేసిందేమో గాని, కంటిని కట్టివేయలేదు.

చెవిని గురించి 1562లో లేఖారూపంలో రాసిన వ్యాసం ఆయన కీర్తికి మూలం. మధ్యచెవి కర్ణభేరికి ఆవల, కపాలాస్థిలో దాగిన చిన్న గాలిగది. అందులో కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు ఎముకలు గొలుసుకట్టుగా అమరి ఉంటాయి. కమ్మరి కొలిమిలోని సుత్తి, దాగలి. రౌతు పాదం మోపే అంకవన్నె - ఇవే వాటి పేర్లకు ఆధారం. దేహంలోని ఎముకలన్నిటిలోకి చిన్నది అంకవన్నె. దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. గాలిలో వచ్చిన ధ్వని లోపలి చెవిలోని ద్రవాన్ని నేరుగా తాకితే అందులో అధికభాగం వెనుదిరిగిపోతుంది. అంకవన్నె పాదం కంటే కర్ణభేరి వైశాల్యం సుమారు 17 రెట్లు ఎక్కువ. పెద్ద పొర మీద పడిన బలమంతా ఆ చిన్న పాదం మీద కేంద్రీకృతమవుతుంది. దానికి ఎముకల తులాదండ చర్య తోడై, ఒత్తిడి 20 రెట్లకు పైగా పెరుగుతుంది.

ఇంత ఏర్పాటూ పనిచేయాలంటే కర్ణభేరికి ఇరువైపులా గాలి ఒత్తిడి సమానంగా ఉండాలి. ఆ సమతను కాపాడేదే ఈ నాళం. పెద్దలలో దీని పొడవు సుమారు 36 మిల్లీమీటర్లు. సాధారణంగా మూసుకొని ఉండి, గుటకకో ఆవులింతకో తెరుచుకొంటుంది. పసిపిల్లలలో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది గనుకనే వారి జలుబు తరచు చెవికి పాకుతుంది.

చెవి నుండి నోటికి దారి ఉన్నదన్న ఊహ ప్రాచీన గ్రీకులకు లేకపోలేదు. ఆ దారి ఎక్కడ మొదలై ఎటు సాగుతుందో, ఎంతవరకు ఎముకో, ఎంతవరకు మృదులాస్థో విడదీసి చూపినవాడు యూస్టాకీ. కూటకాన్ని అంటిపెట్టుకొన్న సన్నని కండరాన్నీ ఆయన వర్ణించాడు. గాలికి ఒత్తిడి ఉన్నదని చాటిన టారిసెల్లి ప్రయోగం 1644కు గాని జరగలేదు. అందువల్ల నాళం చేసే పని ఆయనకు పూర్తిగా బోధపడే వీలు లేదు. అయినా చెవిరోగాల చికిత్సకు ఈ దారి ఉపకరిస్తుందని ఆయన గ్రహించాడు. 1724లో వెర్సాయ్ నగర తపాలా అధికారి గ్యుయో నోటి గుండా ఒక వంపుగొట్టాన్ని ఆ నాళం ముఖానికి చేర్చి, తన చెవుడుకు తానే ఉపశమనం కల్పించుకొన్నాడు.

అంకవన్నె విషయంలో మాత్రం యూస్టాకీకి నిరాశే మిగిలింది. వెసేలియస్ 1543 నాటికి ఎరిగినవి రెండు ఎముకలే. మూడవదాన్ని ఎవరూ చెప్పకుండానే తాను కనుగొన్నానని యూస్టాకీ వాదించాడు. కాని నేపుల్స్‌లో బోధించిన ఇన్‌గ్రాసియా 1546లోనే దానిని చూపాడన్న సాక్ష్యం బలంగా నిలిచింది. ఆ గౌరవం ఆయనకే దక్కింది.

అంతకు మించిన నష్టం మరొకటి. వెసేలియస్ చిత్రాలు కొయ్య అచ్చులు. యూస్టాకీ 1552లో 47 చిత్రాలను రాగి రేకుల మీద చెక్కించాడు. బొమ్మ మీద అక్షరాలు గుర్తుగా వేస్తే అవయవరేఖలు చెదురుతాయని, అంచుల వెంట కొలబద్దలు గీయించాడు. భూపటంలో ఊరిని వెదికినట్లు, రెండు అంకెలతో ఏ అవయవాన్నైనా గుర్తించవచ్చు. 1564లో వెనిస్‌లో వెలువడిన గ్రంథంలో 8 చిత్రాలు మాత్రమే చేరాయి. తక్కిన 39 రేకులు అలాగే ఉండిపోయాయి. కీళ్లవాతం ఆయనను కుంగదీసింది. అధ్యాపకత్వం వదులుకోవలసి వచ్చింది. 1574లో కార్డినల్‌కు వైద్యం చేయడానికి ఫొసోంబ్రోనేకు ప్రయాణమై, దారిలోనే కన్నుమూశాడు.

రేకులు ఆయన సహాయకుడు పీనీకి సంక్రమించాయి. అటుపై శతాబ్దానికి పైగా వాటి జాడ లోకానికి తెలియలేదు. ఈలోగా 1704లో బొలోన్యా పండితుడు వల్సాల్వా, చెవి మీద తాను రచించిన గ్రంథంలో నాళానికి యూస్టాకీ పేరు పెట్టాడు. తరువాత రేకులు పీనీ వంశీయుల వద్ద బయటపడగా, పదకొండవ క్లెమెంట్ పోపు వాటిని సంపాదించి తన వైద్యుడు లాన్సీసీకి అప్పగించాడు. 1714లో, చెక్కిన 162 ఏళ్లకు, అవి రోమ్‌లో అచ్చయ్యాయి. చిత్రాలకు యూస్టాకీ రాసుకొన్న వివరణ మాత్రం దొరకలేదు. లైడెన్ ఆచార్యుడు ఆల్బైనస్ ఆ చిత్రాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, 1744లో తన సొంత వివరణను ప్రకటించాడు.