పరిగె ఏరుకొనే స్త్రీలు

రూతు గ్రంథం చదివిన వారికి పరిగె అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఫ్రాన్సు చిత్రకారుడు ఝాన్ ఫ్రాన్స్వా మిలే 1857లో అదే పరిగెను చిత్రించి పారిస్ ప్రదర్శనలో పెడితే చాలామంది పెద్దలకు కోపం వచ్చింది.

మిలే 1814లో నార్మండీలోని గ్రుషీ పల్లెలో రైతు ఇంట పుట్టారు, పొలం పని చేస్తూ పెరిగారు. షెర్బూర్‌లో చిత్రకళ నేర్చుకొని, 1837లో పారిస్‌లో పాల్ దెలరోష్ వద్ద చేరారు. ఆ శిక్షణ ఆయనకు రుచించలేదు. లూవ్ర్ మ్యూజియంలో చూసిన మైకెలాంజెలో, పూసాన్‌లే అసలు గురువులయ్యారు. 1849లో బార్బిజోన్ పల్లెకు చేరారు. 1853లో ప్రదర్శించిన కోతగాళ్ల విశ్రాంతి చిత్రాన్ని రూతు బోయజుల కథగానే మొదలుపెట్టారు.

పరిగె చిత్రంలో ఇద్దరు స్త్రీలు నేలకు వంగి వెన్నులు ఏరుతున్నారు. మూడవ ఆమె నడుం సగం ఎత్తింది. ముఖాలు సరిగా కనబడవు. దూరాన పంట కుప్పలు, గుర్రంపై అజమాయిషీ చేసే మనిషి, అవన్నీ చిన్నవి. మిలే పొలాన్ని వేరుగా, మనిషిని వేరుగా చూడలేదు. ఆ వీపులు నేలలోనుంచే లేచినట్టుంటాయి. రాజులకు, పరిశుద్ధులకు ఇచ్చే గాంభీర్యాన్ని ఈ బీద స్త్రీలకు ఇవ్వడమే విమర్శకులకు విప్లవంలా తోచింది. (పరిగెను బీదలకు విడువమన్నది ధర్మశాస్త్రమే కదా!) ఆ చిత్రానికి మిలే 4,000 ఫ్రాంకులు అడిగితే 3,000 మాత్రమే వచ్చాయి.