చెరసాలలో వెలసిన మాలపల్లి

గుంటూరు జిల్లాలో నాటి సత్తెనపల్లి తాలూకాకు చెందిన వేములూరుపాడు గ్రామమున 1877వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన ఉన్నవ లక్ష్మీనారాయణగారు జన్మించిరి. వారి తల్లిదండ్రులు శేషమ్మ, శ్రీరాములుగార్లు.

ఆ దినములలో బాల్యవివాహములు మెండు. భర్త ముఖమైన ఎఱుగని పసిపిల్లలు వితంతువులై బ్రతుకెల్ల ఇంటిమూలల గడపవలసివచ్చెడిది. కందుకూరి వీరేశలింగంపంతులుగారి వితంతు వివాహోద్యమము లక్ష్మీనారాయణగారి హృదయమును ఆకర్షించెను. వారు 1902లో గుంటూరున వితంతు శరణాలయమును నెలకొల్పిరి. పూర్వాచారపరుల ఆగ్రహమునకు వెఱవక పునర్వివాహములు జరిపించిరి. ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారు ఈ కార్యమున వారికి కుడిభుజమై నిలిచిరి. పిమ్మట లక్ష్మీనారాయణగారు ఐర్లండు దేశమునకేగి, డబ్లిన్ నగరమున చదివి 1916లో బారిస్టరైరి. ఆ వృత్తిలో ధనమునకు కొదవలేదు. అయినను సహాయనిరాకరణోద్యమము ఆరంభము కాగానే దానిని విడిచి దేశసేవకు పూనుకొనిరి.

1921లో పలనాటిసీమలో పుల్లరి తగవు తలయెత్తెను. అడవిలో పశువులను మేపుకొనుటకై ప్రభుత్వమునకు చెల్లించు పన్నుకు పుల్లరి యని పేరు. పన్ను కట్టలేమని రైతులు ఎదురు తిరిగిరి. పన్ను అడుగవచ్చిన ఉద్యోగులకు సరకులమ్ముట మానిరి, పనులు చేయుట మానిరి. ప్రజలకు తోడుగా లక్ష్మీనారాయణగారు పలనాటికేగగా, ప్రభుత్వము వారిని నిర్బంధించి శిక్ష విధించెను. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున రైతువీరుడు కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను.

లక్ష్మీనారాయణగారిని రాయవేలూరు చెరసాలలో ఉంచిరి. నలుబదియేండ్లు దాటిన వయస్సున, ఇల్లు వాకిలి విడిచియుండియు, వారు తమ కష్టమునకు వగవలేదు. ఊరి వెలుపల అస్పృశ్యులుగా ఎంచబడుచు, పగలెల్ల పరుల పొలములలో చెమటోడ్చి, రాత్రి అరకడుపుతో పరుండు కుటుంబములను తలచుకొనిరి. కలము చేతబట్టి ‘మాలపల్లి’ యను నవలను వ్రాసిరి.

అందలి రామదాసు భక్తుడు, సాధుశీలుడు. అతని కుమారుడు సంగదాసు పాలేరు. కూలివారి పక్షమున నిలిచినందుకు సంగదాసు ఆసామి చేతిదెబ్బకు ప్రాణములు కోల్పోవును. ఆ కుటుంబము పడిన పాట్లు, చెరసాలలోని దుర్భర జీవితము ఈ నవలలో కన్నులకు కట్టినట్లు వర్ణింపబడినవి. అంతకుమున్ను తెలుగు నవలలో ఇట్టి వారికి నాయకస్థానము దక్కుట అరుదు. పండితుల భాషను విడిచి, పల్లెప్రజల నాలుకపై నాడు పలుకులతోనే లక్ష్మీనారాయణగారు ఈ కథను నడిపిరి.

1922లో గ్రంథము వెలువడెను. కొద్దికాలమునకే మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆయుధము పట్టని ఒక ఖైదీ వ్రాసిన కథను చూచి ఏలినవారు జంకిరి. 1928లో కొన్ని మార్పులతో ప్రచురణకు అనుమతి లభించినను, మరల ఆంక్షలు తప్పలేదు. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఏర్పడిన పిమ్మటగాని అవి తొలగలేదు.

లక్ష్మీనారాయణగారు అంతటితో విశ్రమింపలేదు. పలనాటి వీరగాథను తీసుకొని ‘నాయకురాలు’ అను నాటకము రచించిరి. లక్ష్మీబాయమ్మగారు గుంటూరున స్త్రీల విద్యకై నడపిన శారదా నికేతనమునకు అండగా నిలిచిరి. స్వాతంత్ర్యోద్యమమున మరల చెరసాలకేగిరి. 1958 సెప్టెంబరు 25వ తేదీన పరమపదించిరి.

వారిని బంధించిన ప్రభుత్వము 1947లో మనదేశము విడిచిపోయెను. వారు చెరసాలలో వ్రాసిన పుస్తకమును నేటికిని తెలుగువారు చదువుచున్నారు.