అక్షరములకు పద్యము గట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు

గ్రంథాలయములకు వచ్చు ఆంగ్ల పత్రికలలో ఒక మూల పదక్రీడ యుండును. ఆర్, ఏ, టి అను మూడక్షరములిచ్చి, అవి గల పెద్ద మాటలను వెదకుమందురు. వరుసగా ఈ మూడును గ్రేట్‌ఫుల్ అను మాటలోను గలవు, సెపరేట్ అను మాటలోను గలవు. ఆ మాటలను పలికినపుడు ఎలుకను చెప్పు ఆ చిన్న మాట చెవికి వినబడదు. వ్రాతలో మాత్రమే కంటికి దొరకును. ఆంగ్లములో ఆట కంటికి సంబంధించినది. తెలుగులో వ్రాసినదే పలుకుదుము గనుక ఇట్టి పోటీ మనవారికి చెవితోను, ఛందస్సుతోను జరిగినది. దానికి అవధానమని పేరు. ఆ విద్యను ఊరూరికిని తెలియజేసిన ఇద్దరిలో ఒకరు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు.

మన రామగుండమును దాటి పోవు గోదావరియే కడియము చేరువను సాగి సముద్రమును చేరును. ఆ కడియమున 1870వ సంవత్సరమున శాస్త్రిగారు జన్మించిరి. యానాములో కొంత చదివి, కడియెద్దలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి యొద్ద వ్యాకరణము నభ్యసించిరి. అచ్చటనే సహాధ్యాయిగా దొరికినవారు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు. ఆయన యెండగండి గ్రామస్థులు, రెండేండ్లు చిన్నవారు. ఒక గురువు నొద్ద చదువుకొన్న పిల్లలు వేలకొలది యుందురు. వీరిద్దరు మాత్రము జీవితమంతయు ఒకే పేరున కవిత్వము చెప్ప నిశ్చయించుకొనిరి. తిరుపతి వేంకటకవులను ఆ జంట పేరు 1891 ప్రాంతమున కాకినాడలో జరిగిన శతావధానముతో నలుగురికిని తెలిసినది.

అవధానములలో అక్షరములతో జరుగు పరీక్షలు కొన్ని గలవు. వ్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఒక వాక్యమును విడగొట్టి, ఏడవ యక్షరము మొదటను, రెండవది తరువాతను, ఇట్లు తలక్రిందులుగా నడుమ నడుమ అందించును. తక్కిన ప్రశ్నలకు పద్యములు చెప్పుచునే వీనినన్నిటిని మనస్సున పేర్చి, చివరకు వాక్యమును అప్పగింపవలెను. నిషిద్ధాక్షరిలో అవధాని అక్షరము పలికిన కొలది, తరువాత ఫలానిది రాగూడదని పృచ్ఛకుడు అడ్డు తగులును. దత్తాక్షరి మన పదక్రీడకు మిక్కిలి దగ్గరిది. పాదములో ఎన్నవ చోట ఏ యక్షరముండవలెనో పృచ్ఛకుడు చెప్పును. అవి తమ తమ చోట్ల పడునట్లు పద్యము చెప్పవలెను.

ఇది వినుటకు సులువు. ఉత్పలమాల పాదమున ఆరవ చోట గ అను అక్షరము పెట్టుమన్నారనుకొందము. ఆ చోట గురువుండవలెను. గ హ్రస్వము గనుక దాని వెంట జంటాక్షరము గల మాటయే కావలెను. గద్యము అనినచో సరిపోవును గాని అది చిన్న మాట, మూడక్షరములు దాటగనే మరల వెదకులాట. జగత్త్రయము అనినచో అయిదవ చోట మొదలై తొమ్మిదవ చోటికి గురులఘువులన్నియు వానియంతట కుదురును. పదవ చోటనున్న యతికి దారి యేర్పడును. పెద్ద మాట తెలిసిన వానికి ఇదియే లాభము. అదియు చాలనిచో సమాసము చేసి ఇంకను పొడిగింపవచ్చును. ఆంగ్ల క్రీడలో మాట నిఘంటువులో నుండి తీరవలెను. అవధాని నిఘంటువులో లేని మాటను సభలోనే కట్టుకొనును. అయితే వ్యాకరణము తప్పినచో అచ్చటనే కూర్చున్న పండితులు ఊరకుండరు!

ఇద్దరును గద్వాల, ఆత్మకూరు మొదలగు సంస్థానములు తిరిగి సన్మానములందిరి. కవులకు మీసములేమని కొందరాక్షేపింపగా, సంస్కృతమునను తెలుగునను తమ్ము మించినవారు కనబడినచో తీసివేయుదుమని సవాలు చేసిన కథ తెలుగునాట అందరును ఎరిగినదే. వాదములకును కొదువలేదు. వానిలో కొన్ని అవసరమునకు మించి సాగినవనియే చెప్పవలెను.

ఒక చిక్కు మాత్రము విస్మరింపరానిది. అవధానమున చెప్పిన పద్యము సభ ముగియుటతో చాలవరకు ముగియును. అక్షరము సరియైన చోట పడినందుకు జనులు చప్పట్లు కొట్టుదురు; ఇంటికి పోవునప్పటికి పద్యము మరతురు. అంత శక్తిని గడియలలో వ్యయపరచిన ఈ కవులు నిలిచినది నిదానముగా వ్రాసిన గ్రంథములచేతనే. పాండవోద్యోగ విజయములను నాటకములలోని పద్యములను అక్షరజ్ఞానము లేనివారు సైతము రాగమెత్తి పాడిరి. దేవీభాగవతము, బుద్ధచరిత్రము, శ్రవణానందము పండితుల యిండ్లకు చేరినవి.

వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసిరి. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగారలు అచ్చటి శిష్యులలోనివారు. వీరిలో పింగళి, కాటూరి గారలు తామును జంటకవులైరి.

1920వ సంవత్సరమున తిరుపతిశాస్త్రిగారు నలువది యెనిమిదవ యేట కన్నుమూసిరి. పాదమునకు పాదమందించిన తోడు పోయినది. అప్పటికి వేంకటశాస్త్రిగారికి ఏబది యేండ్లు. పేరు, శిష్యులు, పాండిత్యము అన్నియు గలవు. ఇకమీదట తన పేరు మాత్రమే వేసికొనిన తప్పుపట్టువారెవరును లేరు. ఆయన అట్లు చేయలేదు. తరువాత ఒక్కరే వ్రాసిన కవిత్వమును గూడ జంట పేరుననే ప్రకటించుచు వచ్చిరి. కథలు గాథలు అను వచనములో పాత స్నేహములను, కలహములను ఎదుట కూర్చుండి ముచ్చటించినట్లు వ్రాసిరి. 1949వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము ఆయనను ఆస్థానకవిగా గౌరవించినది. ఆ గౌరవము నెక్కువ కాల మనుభవింపకయే 1950 ఫిబ్రవరిలో ఆయన పరమపదించిరి. తిరుపతిశాస్త్రిగారు పోయిన పిదప ముప్పది యేండ్లు ఆయన జంటకవిగానే జీవించిరి.